మోటారు సైకిలు చప్పుళ్లు — వాని కారణములు, కనిపెట్టు విధము

ఎద్దునకు జబ్బు చేసినపుడు అది నోరు తెఱచి చెప్పజాలదు. అయినను నెమరు మానుట, చెవులు వ్రేలవేయుట, మూతి చెమ్మ యాఱుట మున్నగు గుర్తులను చూచి రైతు వెంటనే పోల్చుకొనును. పొలమునకు, పాలకేంద్రమునకు, మార్కెటు యార్డునకు నేడు మనలను మోయుచున్న మోటారు సైకిలు విషయములో మాత్రము అట్టి పరిచయము మనలో పెక్కుమందికి లేదు. బండి నడచినంతకాలము నడిపి, ఆగిననాడు మెకానిక్కు వద్దకు త్రోసికొనిపోవుటయే వాడుకగా నున్నది. కాని యంత్రము చెడుటకు ముందు కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు, చప్పుడు చేసి తన బాధను తెలుపుచునే యుండును. ఆ చప్పుళ్లలో ఏది లెక్కచేయ నక్కఱలేనిదో, ఏది పానాతో ఇంటివద్దనే కుదుర్చుకొనదగినదో, ఏది వినిన తక్షణము బండి నాపి దిగవలసినదో సంఘ సభ్యులకు తెలుపుటకై యిది వ్రాయుచున్నాము.

దీనిలో ధనవిషయము కొంత కలదు. ఒక లీటరు ఆయిలు సకాలమున పోయనందున ఇంజను విప్పి బోరు పని చేయించవలసి వచ్చిన రైతు, ఆ సొమ్ముతో ఒక యెకరమునకు ఎరువు కొనియుండును. అంతకు మించినది ప్రాణ విషయము. సాగిపోయిన చైను వేగముగా పోవుచున్నపుడు పండ్లచక్రము మీదినుండి జాఱి వెనుక చక్రములో ఇఱుకుకొన్నచో చక్రము బిగుసుకొనును. వెనుక భార్యయు, ముందు బిడ్డయు కూర్చుండియున్న బండికి అట్టి సమయమున ఏమగునో వ్రాయ నక్కఱలేదు.

పెద్దవారి చెవులు పూర్వపు బండ్లకు అలవాటుపడినవి. రాజ్‌దూత్, యెజ్డీ మొదలగునవి రెండు స్ట్రోకుల ఇంజనులు. వానిలో తెఱచుకొని మూసికొను వాల్వులు లేవు గనుక టాపెట్ల చప్పుడను మాటయే లేదు. 1985లో సీడీ 100, 1994లో స్ప్లెండరు వచ్చిన పిమ్మట నాలుగు స్ట్రోకుల చిన్న బండ్లు ఊరూర వ్యాపించినవి. రైతులు మిక్కిలిగా వాడు టీవీఎస్ ఎక్సెల్ కూడ 2015లో ఎక్సెల్ 100 పేరుతో నాలుగు స్ట్రోకులలోనికి మాఱినది. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్ 6 నిబంధన వచ్చుటచే చాల బండ్లలో కార్బురేటరు పోయి ఇంజెక్టరు వచ్చినది. కావున తాళపుచెవి త్రిప్పగనే ట్యాంకులో ఒకటి రెండు సెకనులు "జుయ్" మని పంపు తిరుగు చప్పుడును, ఇంజను నడచుచున్నపుడు ఇంజెక్టరు చేయు సన్నని టిక్కు టిక్కు శబ్దమును కొత్త బండ్లకు సహజములే. వేడియెక్కిన బండిని ఆపిన తర్వాత సైలెన్సరు చల్లాఱుచు టక్కు టక్కు మనుట కూడ ఇట్టిదే. వీనికి భయపడి మెకానిక్కు వద్దకు పరుగెత్తిన వారున్నారు.

ఇక కనిపెట్టు విధము. చప్పుడు వినగనే ఏ భాగము చెడినదో ఊహింపరాదు. ముందుగా, చప్పుడు ఇంజను వేగమును బట్టి మాఱుచున్నదా, బండి పరుగును బట్టి మాఱుచున్నదా యని చూడవలెను. బండిని ఆపి, న్యూట్రలులో ఉంచి, యాక్సిలరేటరు మెల్లగా పెంచినపుడు చప్పుడు వచ్చినచో దోషము ఇంజనులోనో దానిని అంటియున్న భాగములలోనో కలదు. అట్లు రాక, జనసంచారము లేని చదునైన దారిని ఇంజను ఆపి బండిని త్రోసినపుడు వచ్చినచో దోషము చైను, చక్రము, బ్రేకు, బేరింగులలో కలదు. ఈ ఒక్క పరీక్షతో సగము పని ముగియును. తర్వాత, ఉదయమున చల్లని ఇంజనుతో హెచ్చుగా నున్నదా, వేడెక్కిన పిమ్మట హెచ్చుగా నున్నదా యనియు, బరువుతో ఎత్తెక్కునపుడు వచ్చుచున్నదా, యాక్సిలరేటరు వదలినపుడు వచ్చుచున్నదా యనియు గమనింపవలెను. ఇవి తెలిసికొని చెప్పగలిగిన రైతు మెకానిక్కునకు సగము శ్రమ తగ్గించినవాడగును, తానును మోసపోడు.

ఇంజను జోలికి పోకముందు బయటి భాగములను తడవి చూడవలెను. బాగుగా నున్న ఇంజనులను విప్పించుటకు కారణమైన చప్పుళ్లలో అనేకములు వదులైన బోల్టుల చప్పుళ్లే. చైను కవరు, నంబరు ప్లేటు, చీర గార్డు, లెగ్ గార్డు, సైలెన్సరు మీది రేకు, మడ్‌గార్డు — వీనిని ఇంజను నడచుచుండగా ఒక్కొక్కటిగా పాత గోనెగుడ్డతో ఒత్తి పట్టుకొనవలెను. పట్టుకొనగనే చప్పుడు ఆగినచో దొంగ దొరకినట్లే. సైలెన్సరు మిక్కిలి వేడిగా నుండును గనుక వట్టి చేయి పెట్టరాదు. సైలెన్సరు సిలిండరును కలియు చోట లోపలి వాషరు కాలిపోయినచో అచ్చట పొగ కాఱుచు "టప్పు టప్పు" మను చప్పుడు వచ్చును. దీనిని టాపెట్ల చప్పుడని పొరపడుట సాధారణము. ఆ కీలు చుట్టు నల్లని మసి అంటియున్నచో అదే కారణము. వాషరు మార్చి నట్లు బిగించిన సరిపోవును.

టాపెట్ల చప్పుడు ఇంజను తలమీద, కుట్టుమిషను నడచినట్లు సమముగా టిక్కు టిక్కున వినబడును. పెద్ద పానాకోలనో, స్క్రూడ్రైవరునో తీసికొని దాని కొనను సిలిండరు తలకు ఆనించి, పిడిని చెవి వెనుక యెముకకు ఆనించినచో ఏ చోట చప్పుడు పుట్టుచున్నదో స్పష్టముగా తెలియును. తిరుగు భాగములకును, చైనుకును దూరముగా నుండి యీ పని చేయవలెను. కండువా మెడలో ఉండరాదు. టాపెట్లకును వాల్వులకును నడుమ మిల్లీమీటరులో స్వల్పభాగమంత సందు ఉండవలెను. ఆ సందు పెరిగినపుడే చప్పుడు. దీనిని ఇంజను పూర్తిగా చల్లాఱిన పిమ్మట, పిస్టను పైకొనకు వచ్చి వాల్వులు రెండును మూసికొనియున్న స్థితిలో, ఫీలరు గేజి పెట్టి కొలిచి సరిచేయవలెను. వేడి ఇంజనుమీద అంచనాగా బిగించువానిచేత ఈ పని చేయింపరాదు. ఏలనన, చప్పుడే లేకుండునట్లు సందు పూర్తిగా బిగించినచో వాల్వు సరిగా మూసికొనక, మండుచున్న వాయువులు దాని అంచునుండి దూసికొనిపోయి వాల్వు కాలిపోవును. కొంచెము టిక్కు మను టాపెట్టు కంటె బొత్తిగా పలుకని టాపెట్టే ప్రమాదకరము. "చప్పుడు లేకుండ చేసినాను" అని చెప్పు మెకానిక్కును మెచ్చుకొనుటకు ముందు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

స్ప్లెండరు జాతి బండ్లలో ఇంజను ఎడమ ప్రక్కన లోపల టైమింగు చైను నడచును. అది సాగినను, దానిని బిగించి పట్టు టెన్షనరు అలసినను ఇనుప గొలుసు రేకునకు తగులుచున్నట్లు గరగర చప్పుడు వచ్చును. న్యూట్రలులో మెల్లగా తిరుగునపుడును, యాక్సిలరేటరు వదలిన క్షణమునను ఇది హెచ్చుగా వినబడును. నిర్లక్ష్యము చేసిన ఎడల ఆ చైను పండ్లు దాటి, వాల్వులు తప్పుడు వేళలో తెఱచుకొనును. టాపెట్ల చప్పుడు తలమీదను, ఇది ఎడమ ప్రక్కను ఉండుటయే వీని భేదము.

క్లచ్చి ఉన్న బండిలో, న్యూట్రలులో వచ్చు గరగర చప్పుడు క్లచ్చి లీవరు నొక్కగనే ఆగిపోయినచో దోషము గేరుబాక్సు బేరింగునందో, క్లచ్చి డబ్బాయందో కలదని తలంపవచ్చును. నొక్కినపుడే పుట్టినచో క్లచ్చిని త్రోయు చిన్న బేరింగు చెడినది. ఎక్సెల్ బండికి లీవరు లేదు గనుక ఈ పరీక్ష దానికి వర్తింపదు.

పిస్టను చప్పుడు, ఖాళీ కుండను వ్రేలితో కొట్టినట్లు బొంగురుగా నుండును. ఉదయమున చల్లని ఇంజనులో హెచ్చుగా వినబడి, వేడెక్కి పిస్టను వ్యాకోచించిన కొలది తగ్గును. ఇది సిలిండరు అఱిగినదనుటకు గుర్తు; సైలెన్సరునుండి నీలిపొగ కూడ వచ్చుచు ఆయిలు తగ్గుచున్నచో బోరు పని దగ్గఱపడినదని తెలిసికొనవలెను. ఇంజను త్వరగా అఱుగుటకు మన పొలములలో ముఖ్యకారణము దుమ్ము. వరి నూర్పిళ్ల కాలమున, మిరపకల్లముల వద్ద, ఎఱ్ఱమట్టి దారులలో తిరుగు బండికి గాలివడపోత పుస్తకములో చెప్పిన గడువుకంటె ముందే మూసికొనిపోవును. దానిని చూచుకొనుట ఎవ్వరికైనను సాధ్యమే. కాని చినిగిన వడపోతను మరల పెట్టుటకంటె కొత్తది కొనుట మేలు.

రేకు డబ్బాలో సెనగలు వేసి ఊపినట్లు చిటచిట మను చప్పుడు ఎత్తెక్కునపుడు, పై గేరులో నెమ్మదిగా పోవుచు ఒక్కసారిగా యాక్సిలరేటరు తిప్పినపుడు వచ్చును. ఇది ఏ భాగము విఱిగినదనుటకును గుర్తు కాదు. సిలిండరులో పెట్రోలు క్రమముగా మండక, ఒక భాగము తనంతట తానే పేలుటచే వచ్చునది. గేరు తగ్గించిన వెంటనే ఆగినచో నడుపు విధానములోనే దోషమున్నది. చక్కని గేరులో కూడ వచ్చుచుండినచో పెట్రోలును అనుమానింపవలెను. కిరసనాయిలు కలిసిన పెట్రోలునకు ఈ గుణము తప్పక యుండును. ఊరిలోని అంగడిలో సీసాలతో అమ్ము పెట్రోలు ఎచ్చటిదో, అందులో ఏమున్నదో అమ్మువానికే తెలియవలెను. ఈ చప్పుడును నెలల తరబడి సహించినచో పిస్టను తల కరగి చిల్లి పడుటయు కలదు.

అన్నిటికంటె చెడ్డది కనెక్టింగు రాడ్డు బేరింగు చప్పుడు. ఇది పైన కాక ఇంజను అడుగున, దూరమున రోకలిపోటు వినబడినట్లు బరువుగా దబ్బు దబ్బున వచ్చును. టాపెట్లు ఇంజను రెండు చుట్లు తిరుగునప్పటికి ఒకమాఱు మాత్రమే పలుకును. ఇది చుట్టు చుట్టునకు కొట్టును. బరువు మీద హెచ్చును, వేడెక్కినకొలది హెచ్చును, పాదములకు అదరు తెలియును. ఇది వినబడినచో "ఇంటివఱకు మెల్లగా పోదము" అనుకొనరాదు. ఇంజను ఆపి బండిని త్రోసికొనియో, ఆటోలో వేసికొనియో పోవలెను. రాడ్డు విఱిగినచో ఇంజను గుల్ల పగిలి మొత్తము ఖర్చు బండి వెలలో పెద్ద భాగమగును. చక్రము హఠాత్తుగా బిగుసుకొనుట వేఱు ప్రమాదము.

ఈ చప్పుళ్లలో చాలభాగమునకు మూలము ఆయిలే. బండిని సమతలమున మధ్య స్టాండు మీద నిలిపి, రెండు మూడు నిమిషములు నడిపి, ఆపి, మరల రెండు మూడు నిమిషములు ఆగి కొలపుల్లను చూడవలెను. కొన్ని బండ్లలో పుల్లను మరలు తిప్పకుండ ఆనించి చూడవలెను, కొన్నిటిలో తిప్పి చూడవలెను. బండితో వచ్చిన పుస్తకములో ఉండును. మధ్య స్టాండు లేనిచో ఒకరు బండిని నిటారుగా పట్టుకొనవలెను. ప్రక్క స్టాండు మీద చూచిన కొలత తప్పు. వాగు దాటించిన తర్వాత ఆయిలు పాలవలె తెల్లబడియున్నచో నీరు చేరినది, ఆ దినమే మార్చవలెను. గేరులు, క్లచ్చి కూడ ఈ నూనెలోనే మునిగియుండు బండ్లలో డబ్బామీద "జాసో ఎంఏ" అని యున్న ఆయిలే పోయవలెను. కారు ఆయిళ్లు కొన్నిటిలో రాపిడి తగ్గించు మందులు కలిసియుండుటచే క్లచ్చి జాఱును. దుమ్ములో బరువులు మోయు బండికి మూడువేల కిలోమీటర్లకు ఒకమాఱు ఆయిలు మార్చుట దండుగ కాదని మా అభిప్రాయము.

ఇక చైను. ఇంజనుకంటె దీనిని గూర్చియే మేము ఎక్కువ చెప్పదలచితిమి. ఏలనన ఇది రైతు స్వయముగా చూచుకొనగలిగినది, చూచుకొనక నష్టపోవుచున్నది. ఇప్పుడు వాడు రోలరు చైనును హన్స్ రెనాల్డ్ అను ఆయన ఇంగ్లండులోని మాంచెస్టరునందు 1880లో కనిపెట్టెను. ప్రతి లంకెలోను పిన్ను, దాని చుట్టు బుష్షు, దానిపై తిరుగు రోలరు ఉండును. అఱుగుదల మనకు కనబడు పైభాగమున కాక, పిన్నునకును బుష్షునకును నడుమ జరుగును. చైను "సాగినది" అని మనమనునది నిజముగా ఇనుము సాగుట కాదు, నూఱు పిన్నులు ఒక్కొక్కటి వెండ్రుకంత అఱుగుట. కావున పైన దట్టముగా గ్రీజు పూసినందున లాభము లేదు. అది లోనికి పోక, పైన ఇసుకను పట్టి సానరాయి వలె పని చేయును. మాడిన ఇంజను ఆయిలు పూయు అలవాటు అంతకంటె చెడ్డది, అందులో ఇనుపరజను ఉండును. చైనును కిరసనాయిలులో ముంచిన గుడ్డతో తుడిచి, ఆఱిన పిమ్మట 90 నంబరు గేరు ఆయిలును లోపలి అంచు వెంబడి చుక్కలుగా వేసి, కొంతసేపటికి పైనున్నదానిని తుడిచివేయవలెను. దమ్ముచేసిన మడి గట్లమీద, వర్షములో తిరిగిన నాడు గడువు చూడక ఈ పని చేయవలెను. పెట్రోలుతో కడుగరాదు, రబ్బరు రింగులున్న చైను దానిచే పాడగును.

నూనె లేని చైను కందెన వేయని ఎడ్లబండి ఇరుసు వలె కీచుమనును. వదులైన చైను గతుకులలోను, యాక్సిలరేటరు వదలినపుడును కవరునకు తగిలి టపటప కొట్టును. బిగువు మించిన చైను సన్నగా మూలుగును; దీనిని జనులు గుర్తింపరు, "బిగువుగా నున్నది గదా" యని సంతోషింతురు. బిగువు చైను గేరుబాక్సు బేరింగును తినివేయును. అనేక చిన్న బండ్లకు చైను క్రిందివరుస నడుమ పైకి క్రిందికి కలిపి 20 మొదలు 30 మిల్లీమీటర్ల ఊపు ఉండవలెను. మీ బండి పుస్తకములో వేఱుగా నున్నచో దానినే పాటింపవలెను. పూర్తి కవరున్న బండ్లలో రబ్బరు బిరడా తీసి చూడవచ్చును. చక్రమును చేతితో త్రిప్పుచు నాలుగైదు చోట్ల చూచి, అన్నిటికంటె బిగువుగా నున్న చోటనే కొలత సరిచేయవలెను. బస్తా వేసినపుడు వెనుక చక్రము పైకి లేచి చైను మఱింత బిగియును గనుక ఖాళీ బండికి సరిగా తోచినది బరువు బండికి బిగువగును. యూరియా బస్తా 45 కిలోలు. అనేక నూఱు సీసీ బండ్లకు అనుమతింపబడిన భారము నడుపువానితో కలిపి రమారమి 130 కిలోలే. ఇద్దఱు మనుష్యులు, రెండు బస్తాలు ఎట్లు లెక్కకు వచ్చునో పాఠకులే చూచుకొనవలెను.

చైను బిగించుటకు ఇరుసు నట్టును వదులుచేసి రెండు ప్రక్కల మరలను సమముగా తిప్పవలెను. రెండు వైపులను గీతలు ఒకే అంకెకు రావలెను. ఒక ప్రక్క తప్పినచో చక్రము వంకరగా నిలిచి, చైను పండ్ల ప్రక్కలను రాచుచు గీరుచప్పుడు చేయును. చైను బిగించిన మఱునాడు వెనుక చక్రమునుండి రాపిడి చప్పుడు వచ్చుచున్నదని కొందఱు మెకానిక్కును నిందింతురు. చక్రము వెనుకకు జరుగుటచే డ్రమ్ము బ్రేకు రాడ్డు బిగిసి, బ్రేకు పట్టుకొనియుండుటయే దాని కారణము. కావున చైను బిగించిన ప్రతిమాఱును బ్రేకు పెడలు ఆటను కూడ సరిచేయవలెను. చైను లాకు మూసియున్న కొన చైను పరుగెత్తు దిక్కునకు ఉండవలెను. తిరగవేసిన లాకు ముల్లో పుల్లయో తగిలి ఊడిపోవును.

ఒక చిన్న పరీక్ష. వెనుక టైరుమీద సున్నపు గీత పెట్టి, ఇంజను ఆపి, బండిని మెల్లగా త్రోయవలెను. చప్పుడు ప్రతి చుట్టునను గీత ఒకే చోటికి వచ్చినపుడు వచ్చినచో దోషము చక్రము, బ్రేకు డ్రమ్ము, వెనుక పండ్లచక్రములలో కలదు. గీత ఒకసారి పైన, ఒకసారి క్రింద ఉండగా వచ్చుచుండినచో చైనులో ఏదో లంకె బిగుసుకొనియున్నది. ఏలనన చైను ఒక చుట్టు తిరుగునప్పటికి చక్రము రెండు చుట్లకు పైగా తిరుగును. ఆగక ఏకధారగా గుఱ్ఱు మనుచు, బండి పరుగుతో పెరుగునది చక్రపు బేరింగు. బండి కదలునపుడును, గేరు వేయగనే లాగునపుడును "టక్కు" మని ఒక దెబ్బ వచ్చినచో వెనుక హబ్బులోని రబ్బర్లు నలిగినవని చూడవలెను.

చైను ఎప్పుడు మార్చవలెను? చిన్న బండ్లలో వాడు 428 చైను ఒక్కొక్క లంకె పొడవు 12.7 మిల్లీమీటర్లు. చైనును బిగువుగా పట్టి ఇరువది లంకెలను, అనగా మొదటి పిన్ను నడుమనుండి ఇరువదియొకటవ పిన్ను నడుమవఱకు కొలిచిన, కొత్తదైనచో 254 మిల్లీమీటర్లు ఉండును. 259 దాటినచో నూటికి రెండు పాళ్లు సాగినది. దానితో ఇక తిరుగరాదు. టేపు లేనివారు వెనుక పండ్లచక్రము మీది చైనును వెనుకకు లాగి చూడవచ్చును. పన్ను సగమునకు మించి కనబడిన అదే సంగతి. పండ్లు కొడవలి కొనలవలె వంగియున్నను మార్పు తప్పదు. పాత పండ్లచక్రములమీద కొత్త చైను వేసినచో అది కొద్దికాలములోనే పాడగును. మూడింటిని ఒకేసారి సెట్టుగా మార్చుటయే చౌక.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మధ్య స్టాండు వేసి, ఇంజను గేరులో నడచుచుండగా గుడ్డతో చైను తుడుచు అలవాటు కొందఱికి కలదు. గుడ్డ చిక్కుకొనిన క్షణములో వ్రేళ్లు పండ్లచక్రముపైకి పోవును. చేయి వెనుకకు తీయుటకు వ్యవధి యుండదు. తాళపుచెవి తీసి జేబులో వేసికొని, చక్రమును చేతితో త్రిప్పుచు మాత్రమే తుడువవలెను. పిల్లలను ఆ ప్రక్కకు రానీయరాదు.

మెకానిక్కు వద్దకు పోయినపుడు "బండిలో ఏదో చప్పుడు" అనక, ఎప్పుడు, ఏ వేగమున, చల్లగా నుండగనా వేడిమీదనా, లీవరు నొక్కిన ఏమగుచున్నదో చెప్పవలెను. వీలైనచో వెనుక కూర్చుండబెట్టుకొని చప్పుడు వినిపించి తేవలెను. మార్చిన పాత సామానును అడిగి తీసికొని, కొత్తదాని ప్రక్కన పెట్టి చూడవలెను. టైమింగు చైనైనను, హబ్బు రబ్బరైనను అఱిగినది అఱిగినట్లు కంటికి తెలియును. పని ముగిసిన పిమ్మట డబ్బు ఇచ్చుటకు ముందే, మొదట చప్పుడు వచ్చిన ఆ వేగముననే, ఆ దారిననే ఒకమాఱు నడిపి చూడవలెను.